గోడమీది బొమ్మ, గోడవెనుక మనిషి

విజయనగరమున రాత్రి రైలెక్కి, పార్వతీపురము, రాయగడ దాటి, కొండల నడుమ చీకటిలో పయనించి, మహానదీ మైదానమున కన్ను తెరచు తెలుగువానికి రాయపూరు పరాయిదేశముగా తోచదు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1931లో పార్వతీపురమునుండి రాయపూరువరకు ఇనుపదారిని పూర్తిచేసిన నాటినుండి, ఆ దారివెంట కూలికిని, కొలువునకును, వర్తకమునకును తరలిపోయిన ఉత్తరాంధ్ర కుటుంబములు ఆ నగరములోను, దాని పొరుగుననున్న భిలాయి ఉక్కుపట్టణములోను తరములుగా కాపురముండి, ఇంట తెలుగును, వీథిలో హిందీ ఛత్తీస్‌గఢీలను మాటలాడుచు, ఇరుప్రాంతముల పండుగలను చేసికొనుచున్నవి. కావున రాయపూరు గోడలమీది బొమ్మలనుగూర్చి తెలుగు పాఠకుడు తెలిసికొనుట పరుల యింటి ముచ్చట వినుట కాదు. చుట్టాల యింటి ముచ్చట వినుటయే.

ఆ నగరమున నేడు క్రొత్తగా వచ్చినవాని కంటికి ముందుగా తగులునది రంగు. పైవంతెనల స్తంభములమీదను, పాఠశాలల ప్రహరీలమీదను, కార్యాలయముల గోడలమీదను ఛత్తీస్‌గఢ్ జానపదజీవితమంతయు చిత్రరూపమున నిలిచియున్నది. అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి డోలు మ్రోగించు బస్తరు మాడియా యువకుడు ఒకచోట, తెల్లని వస్త్రములతో మృదంగమునకు అనుగుణముగా అడుగువేయు సత్‌నామీ పంథీ నర్తకులు ఒకచోట, దీపావళి దినములలో కఱ్ఱలు చేతబట్టి చిందులువేయు రౌత్ గొల్లలు ఒకచోట, చిలుకబొమ్మచుట్టు చప్పట్లు చరచుచు సువాగీతములు పాడు పడుచులు మఱియొకచోట కనబడుదురు. చూచువానికి కన్నులపండుగయే. అయితే ఒక్క సందేహము మాత్రము మనస్సున మిగులును: గోడమీద ఇంత గౌరవముగా నిలిచిన ఈ జనులు అదే నగరమున ఏ గోడలవెనుక, ఏ హక్కుతో నివసించుచున్నారు?

మన పిల్లల పొడుపుకథలో గోడమీది బొమ్మ అనగా తేలు. చూచుటకు అందముగనే యుండును, దరిజేరినవారికి దాని ‘వడ్డన’ యెట్టిదో తెలియును. నగరములు మారుచున్న ఈ కాలమున గోడచిత్రముల కథయును కొంతవఱకు అట్టిదే. ఈ కథను తెలిసికొనుటకు రాయపూరులో తేలీబాంధా చెఱువుగట్టుకంటె తగిన తావు లేదు.

తేలీ అనగా నూనెగానుగ ఆడించువాడు; ఉత్తరాంధ్రమున తెలికులవారని మనమెవరిని పిలుచుచున్నామో, ఛత్తీస్‌గఢ్ మైదానమున సాహూలను పేరుతో ప్రసిద్ధులైన తేలీలు అట్టివారే. బాంధా అనగా కట్టవేసి నిలిపిన నీరు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతు తన ఊరి చిన్న చెఱువును ‘బంద’ యని పిలుచుట మన కందఱకును తెలిసినదే. కాగా తేలీబాంధా యన్న పేరు మన చెవికి ‘తెలికులబంద’ యని వినబడుటలో వింత లేదు. రాయపూరు మొదటినుండి చెఱువుల నగరము. బూఢాతాలాబు, మహారాజబంధ్, కంకాలీతాలాబు మొదలగు జలాశయములచుట్టును ఆ ఊరు పెరిగినది. బాల్యమున, పిదప వివేకానందుడైన నరేంద్రుడు తండ్రితో కూడి రెండేండ్లు వసించిన బూఢాపారా ఆ చెఱువుగట్టు పేటయే. అందుచేతనే బూఢాతాలాబునకు వివేకానంద సరోవరమని నేటి పేరు. పేటలకు ‘పారా’ యని వాడుక. బ్రాహ్మణపారా, తాత్యాపారా, మౌదహాపారా వంటి ఆ పేళ్ళను వరుసగా చదివినచో, ఏ కులమువారు, ఏ మతమువారు, ఏ ప్రాంతమువారు ఎచ్చట దిగి కాపురమున్నారో కొంత చరిత్ర తనంతట తానే విప్పికొనును.

2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడి, రాయపూరు రాజధాని యగుటతో ఆ చరిత్ర వేగమందుకొన్నది. 2001 జనాభాలెక్కల నాటికి నగరపాలికలో ఆరు లక్షల పైచిలుకుగా నున్న జనము 2011 నాటికి పది లక్షలను దాటెను. బియ్యపు మిల్లుల పట్టణము మంత్రుల, అధికారుల, గుత్తేదారుల, ఉక్కు వర్తకుల నగరమయ్యెను. గ్రేట్ ఈస్టరన్ రోడ్డు చెంతనే యుండి, విమానాశ్రయమునకు పోవు మార్గమునకు సమీపముననున్న తేలీబాంధా నేల, అంతకుముందు గుడిసెలకు మాత్రమే పనికివచ్చినదని యెంచబడినది, హఠాత్తుగా బంగారమయ్యెను. చెఱువును శుభ్రపఱచి, చుట్టును నడకదారి వేసి, దీపములు నిలుపగా, బొంబాయి నగరపు వైభవమును తలచి దానిని ‘మెరీన్ డ్రైవ్’ అని జనులు పిలువసాగిరి. 82 మీటర్ల స్తంభముపై జాతీయపతాకము ఎగిరినది. సాయంకాలమైనచో అచ్చట చాటుబండ్లు, ఐస్‌క్రీములు, సెల్ఫీలు తీసికొను యువజనము. ఒకనాటి రేవుగట్టున నేడు తిరునాళ్ళ సందడి.

గట్టుమీది గుడిసెలవారేమైరి? ఇచ్చట న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. అనేక నగరములలో వలె వారిని లారీలకెత్తి పదిక్రోసుల దూరమున పారవేయలేదు. పట్టణ పేదల మౌలికవసతుల కేంద్రపథకము క్రింద చెఱువు చెంతనే బహుళాంతస్తుల యిండ్లు కట్టి వారిని అందు చేర్చిరి. ఆ కాలనీ నేటికిని ఆ పథకము పేరి పొడియక్షరములతోనే ‘బీఎస్‌యూపీ’ కాలనీ యని వ్యవహరింపబడుచున్నది. ఇది మెచ్చదగిన పని. కాని గుడిసె విడిచి మేడకెక్కుటలో లాభముతోబాటు నష్టమును కలదు. మేకను మూడవ అంతస్తునకు ఎక్కించుట కష్టము. తోపుడుబండిని నిలుపుటకు గుమ్మముండదు. వెదురుబుట్టలు అల్లుకొనుటకు వాకిలి యుండదు. అన్నిటికంటె సూక్ష్మమైన నష్టము మఱియొకటి: మేడయింటి వెలుపలి గోడ అందఱిదగుటవలన ఎవరిదియు కాదు. దానికి పేడమట్టి అలుకు పూయు చేయి యుండదు.

ఈ చివరిమాట చిన్నదిగా తోచవచ్చును గాని, గోడచిత్రముల పుట్టుక తెలిసినవారికి ఇది చిన్న మాట కాదు. నేడు రాయపూరు వంతెనలక్రింద రంగుడబ్బాలతో వెలయుచున్న చిత్రసంప్రదాయము ఉత్తరమున సర్‌గుజా పల్లెలలో, దక్షిణమున బస్తరు అడవులలో, స్త్రీలు తమ సొంత యింటి మట్టిగోడలపై చేతివ్రేళ్ళతో వెలయించినది. ‘ఛుహీ’ యను తెల్లమట్టితో గోడకు పూతపెట్టి, మన్ను పేడ కలిపిన ముద్దతో చెట్లను, పక్షులను, ఆడుచున్న మనుష్యులను ఉబ్బెత్తుగా తీర్చుట రజ్వార్ స్త్రీల విద్య. వానకు కరగుట, పండుగకు మరల అలుకుట ఆ చిత్రముల ధర్మము. మన పల్లెలలో సంక్రాంతికి ఎఱ్ఱమన్ను పూసి, అరుగులకు సున్నపు చారలు తీర్చి, వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలికి ఈ ధర్మమును వేఱుగ బోధింపనక్కఱలేదు.

సర్‌గుజా జిల్లా పుహ్‌పుత్రా గ్రామమునకు చెందిన సోనాబాయి రజ్వార్ కథ ఇందుకు ఉజ్జ్వలమైన నిదర్శనము. ఏండ్ల తరబడి ఇల్లు వెడలకుండ, చుట్టుప్రక్కల వారితో సాంగత్యము లేక, ఒంటరితనమున కాలము గడపిన ఆమె తన బిడ్డ ఆడుకొనుటకు మట్టిబొమ్మలు చేసెను. ఎండ తాకకుండుటకు వెదురుచట్రములకు మట్టిపూసి జాలీలు కట్టెను. ఆ జాలీలపై పిట్టలను, కోతులను, పాములను ఎక్కించెను. ఆమెకు గురువు లేడు, ప్రేక్షకుడు లేడు, కొనువాడు లేడు. భోపాలులోని భారత్‌భవన్ వారు 1983లో ఆ యింటిని కనుగొన్నపిమ్మట పురస్కారములు వచ్చినవి, దేశవిదేశముల ప్రదర్శనలు వచ్చినవి; ఆమె 2007లో కన్నుమూసిన తరువాత అమెరికాలో శాన్ డియాగో నగరపు మ్యూజియమున ఆమె కళకు ప్రత్యేకప్రదర్శనము జరిగినది. ఆమె కళకు మూలమేదని విచారించినచో, అది ప్రతిభయే గాక ఇల్లును. ఆ గోడ ఆమెది. దానిని తీర్చుటకును, చెఱిపి మరల తీర్చుటకును ఆమెకు స్వాతంత్ర్యము కలదు. నగరపు గోడమీదికి ఎక్కినపుడు ఆ బొమ్మ మాత్రమే వచ్చినది. ఆ స్వాతంత్ర్యము పల్లెలోనే నిలిచిపోయినది.

రాయపూరు గోడలకు రంగు వచ్చిన కారణములలో ప్రభుత్వపథకములు ముఖ్యములు. 2015 జూనులో ప్రారంభమైన స్మార్ట్‌సిటీల పథకమున మొదటి వరుసలో విశాఖపట్టణము, కాకినాడ చోటు సంపాదించుకొనగా, 2016 మే నెలలో వెలువడిన పదుమూడు నగరముల జాబితాలో మన వరంగల్లును, రాయపూరును ఒకేసారి చేరినవి. ‘మోర్ రాయపూర్’, అనగా నా రాయపూరు, అనుట అచ్చటి స్మార్ట్‌సిటీవారి నినాదము. ఇంతలో నగరముల శుభ్రతకు ఏటేట మార్కులువేయు స్వచ్ఛ సర్వేక్షణము వచ్చినది. మురుగుకాలువ త్రవ్వుటకు కోట్లు కావలెను, ఏండ్లు పట్టును. గోడకు రంగువేయుటకు కొన్ని దినములు చాలును, కంటికి ఫలితము వెంటనే కనబడును. కావున నగరపాలికలన్నియు కుంచె చేతబట్టినవి. విశాఖ సముద్రతీరమునను, హైదరాబాదు పైవంతెనలక్రిందను మనము చూచుచున్న చిత్రములును ఈ ప్రవాహములోనివే.

ఇట్టి పరిణామమునకు ఆంగ్లేయులు ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టిరి. రూత్ గ్లాస్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 1964లో లండన్ నగరమునుగూర్చి వ్రాయుచు ఈ పదమును సృష్టించెను. శ్రామికులు నివసించు పాత పేటలలో మధ్యతరగతివారు ఇండ్లు కొని బాగుచేసికొనుటతో అద్దెలు పెరిగి, మొదటివారు ఒక్కొక్కరుగా తొలగిపోయి, తుదకు పేట ముఖమే మారిపోవుటను ఆమె గమనించినది. దీనిని తెలుగున ‘కులీనీకరణము’ అనవచ్చును. ఆంగ్లపదములో లేని ఒక అర్థము మన పదములో ఇమిడియున్నది: కులీనుడనగా సద్వంశజాతుడు, ఆ మాటలో ‘కులము’ కూర్చుండియున్నది. పాశ్చాత్యదేశములందు పేటలు మారునపుడు జాతివర్ణముల ప్రశ్న లేచినట్లు, మన దేశమున కులము ప్రశ్న లేచును. నూనెగానుగవాని బంద మెరీన్ డ్రైవు అగునపుడు పేరుతోబాటు ఏమేమి పోవుచున్నదో ఈ పదమే మనకు గుర్తుచేయును.

అమెరికా నల్లజాతివారి గోడచిత్రముల చరిత్ర దీనికి తిరుగుదిక్కున సాగినది. 1967లో చికాగో నగరపు దక్షిణభాగమున, శిథిలమగుచున్న ఒక భవనపు గోడపై, నల్లజాతి చిత్రకారులు కొందఱు ముహమ్మద్ అలీ, మాల్కమ్ ఎక్స్, డుబోయిస్, నీనా సిమోన్ మొదలగు తమ వీరుల రూపములను చిత్రించి దానికి ‘వాల్ ఆఫ్ రెస్పెక్ట్’ అని పేరిడిరి. నగరపాలిక అడుగలేదు, ధనికుడు డబ్బీయలేదు. అది ఆ పేటవారి ఆత్మగౌరవప్రకటన. 1970 దశకారంభమున అగ్నిప్రమాదమునకు గురియై ఆ భవనము కూల్చివేయబడినను, దాని ప్రేరణచే ఆ దేశపు నగరములలో గోడచిత్రములు వెల్లువెత్తినవి. కాలక్రమమున ఆ బొమ్మలే యాత్రికులను ఆకర్షించినవి. యాత్రికులవెంట కాఫీశాలలు, వానివెంట భవనవ్యాపారులు వచ్చిరి. పేటవారు నిలుచుటకు వ్రాసికొన్న బొమ్మలు పేటవారిని తొలగించు ప్రకటనలయ్యెను.

బెర్లిన్ నగరమున క్రోయిట్స్‌బెర్గ్ పేటలో ఇటలీ చిత్రకారుడు బ్లూ వ్రాసిన రెండు మహాచిత్రములు జగత్ప్రసిద్ధములు. వాని యెదుటి ఖాళీస్థలమున గుడారములు వేసికొన్న పేదలను 2014లో తొలగించి, అచ్చట కట్టడములకు సన్నాహములు జరుగుచుండగా, ఆ బొమ్మలు రేపటి మేడల కిటికీలకు అలంకారములగుట సహింపలేక, ఆ సంవత్సరము డిసెంబరులో చిత్రకారుని సమ్మతితోనే వానిని నల్లరంగుతో పూర్తిగా కప్పివేసిరి. తన సృష్టిని తానే చెఱుపుకొనుట చిత్రకారుని కెంత బాధయో చెప్పనక్కఱలేదు. అయినను బొమ్మ ఎవరి పక్షమున నిలుచుచున్నదో తేల్చుకొనవలసివచ్చినపుడు అతడు తేల్చుకొన్నాడు.

గోడకు రంగు వేసినంతమాత్రమున అద్దె పెరుగునా యని అడుగవచ్చును. రంగు ఒక్కటే కారణము కాదు. చెఱువు బాగగుట, రోడ్డు వెడల్పగుట, దీపములు వచ్చుట, పేటకు మంచిపేరు వచ్చుట అనువాని వరుసలో రంగు చివరి మెట్టు. ‘ఇక్కడకు ఇక మీరును రావచ్చును’ అని వెలుపలివారికి చేయు సంజ్ఞ. ఆ మంచిపేరుయొక్క లాభము ఎవరికి చేరునన్నది కాగితముపై నాధారపడియుండును. దస్తావేజు గలవాడు తన నేల విలువ పెరిగినదని సంతసించును. అద్దెకున్నవాడు అద్దె పెరిగినదని దిగులుపడును. కాగితమే లేక ఆక్రమించి బ్రతుకువాడు ఏ ఉదయమున ఏ నోటీసు వచ్చునోయని భయపడును. ఒకే బొమ్మను ఈ మువ్వురును మూడు కన్నులతో చూతురు.

ఈ మూడవవాని భయమునకు ఒక నిదర్శనము: రాయపూరునుండి ధమ్‌తరీకి పోవు చిన్నరైలు, జనులు ‘ఛోటీ లైన్’ అని ముద్దుగా పిలిచిన నారోగేజి మార్గము, శతాబ్దము పైగా నగరము నడుమ సాగినది; తేలీబాంధాలో దానికొక స్టేషనుండెడిది. పట్టాల యిరువైపుల ఖాళీనేల ఏ నగరమునందైనను నిరుపేదకు చివరి ఆశ్రయము. ఆ పట్టాలను నగరములో ఎత్తివేసి, కేంద్రీ గ్రామమువఱకు వేగరహదారిని నిర్మించిరి. రైలు చరిత్రలోనికి పోయినది. రైలువెంట బ్రతికిన సన్నకారు బ్రతుకులకు చరిత్రయు మిగులలేదు.

మన హైదరాబాదులో రాజభవనమునకు సమీపముననున్న ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలను, స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారి ప్రోద్బలమున, స్వాతి, విజయ్ వంటి తెలుగు చిత్రకారులును పరదేశపు చిత్రకారులును తీర్చిదిద్దిరి. అచ్చట బొమ్మలు పడినవి నివాసులు కాపురమున్న యిండ్ల గోడలమీదనే. చెన్నపట్టణపు దక్షిణాంచలమున కన్నగినగర్ కథ వేఱు: నగరగర్భమునుండి తొలగింపబడిన గుడిసెలవారిని 2000 సంవత్సరమునుండి అచ్చటి మేడలలోనికి చేర్చగా, ఆ కాలనీ గోడలమీద 2020లో మహాచిత్రములు వెలసినవి. తొలగింపు ముందు, బొమ్మ తరువాత. అయినను ఆ బొమ్మలవలన అపఖ్యాతి పడియున్న తమ కాలనీ పేరు పదుగురిలో బాగుపడినదని సంతోషించినవారును కలరు. కావున గోడచిత్రమును గ్రుడ్డిగా నిందించుట తగదు. చెత్తకుప్ప పడుచోట బొమ్మ పడినచో అచ్చట చెత్తవేయుటకు చేయిరాదు. పని లేని చిత్రకారునకు కూలి దొరకును. తన నాట్యము గోడకెక్కినదని పంథీ నర్తకుని బిడ్డ గర్వింపవచ్చును. లోపము కుంచెలో లేదు.

మన చట్టమున ఒక విడ్డూరము కలదు. శిల్పి అమరనాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞానభవనమున నిర్మించిన కంచు కుడ్యశిల్పమును 1979లో ప్రభుత్వమువారు ఊడదీసి పాడుచేయగా, ఆయన న్యాయస్థానము నాశ్రయించెను. 2005లో ఢిల్లీ హైకోర్టు కాపీరైటు చట్టము 57వ సెక్షను ననుసరించి, మిగిలిన శకలములను ఆయనకు తిరిగియిచ్చి, అయిదు లక్షల రూపాయల పరిహారము చెల్లింపుమని తీర్పుచెప్పెను. న్యూయార్కులో ‘ఫైవ్ పాయింట్జ్’ అను భవనపు బొమ్మలపై 2013లో రాత్రికి రాత్రి సున్నము కొట్టించిన యజమాని, 2018లో న్యాయస్థానపు తీర్పున ఇరువదియొక్కమంది చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్లు చెల్లింపవలసినవాడయ్యెను. గోడతో చిత్రకారునకు గల సంబంధమును చట్టము ఇట్లు గుర్తించినది. మంచిదే. మఱి ఆ గోడ నానుకొని ముప్పదియేండ్లు బ్రతికిన మనిషికి గోడతోగల సంబంధమునో?

దానికిని దారి లేకపోలేదు. అవిభక్త మధ్యప్రదేశమున 1984లోనే, పట్టణములలో నేల లేక గుడిసె వేసికొన్నవారికి పట్టాహక్కు నిచ్చు చట్టమొకటి వచ్చినది. ఛత్తీస్‌గఢ్‌నకు అది వారసత్వముగా సంక్రమించినది. పొరుగుననున్న ఒడిశా 2017లో మురికివాడలవారికి భూమిహక్కు నిచ్చుటకు చట్టముచేసి, గుడిసె గుడిసెకును డ్రోనులతో కొలతలు తీయించినది. వీథి వ్యాపారులకు రక్షణ నిచ్చు కేంద్రచట్టము 2014నుండి యున్నది. ఇట్టి చట్టములను మనసుపెట్టి అమలుచేసినచో చెఱువు బాగుపడుటవలన పెరిగిన విలువలో గట్టువానికిని భాగము దక్కును. చాటుబండివాడు తాను కనిపెట్టుకొన్న స్థలముననే నిలుచును.

కావున నగరపాలికలకు మేము చెప్పదలచిన మాట ఒక్కటే. పేట గోడకు రంగు వేయుటకు పూర్వము ఆ పేటవారి చేత పట్టా పెట్టుడు. ఆ తరువాత ఏ బొమ్మ వేయవలయునో వారినే అడుగుడు. వారిలో కుంచె పట్టగలవారుండినచో కూలి యిచ్చి వారిచేతనే వేయింపుడు. నచ్చనినాడు చెఱిపి మరల వేసికొను హక్కును వారికే విడుడు. పుహ్‌పుత్రా మట్టియింటిలో సోనాబాయికి ఉండినవి ఈ హక్కులే, అంతకుమించి ఏమియు లేవు. ఇక పాఠకులకు ఒక మనవి: రాయపూరు వెళ్ళినపుడు తేలీబాంధా గట్టున చల్లగాలికి కూర్చుండుడు, బొమ్మలయెదుట తప్పక ఫొటో తీసికొనుడు, కాని లేచునపుడు చాటుబండివానిని పలుకరించి, అతడు ఈ గట్టున ఎన్నియేండ్లనుండి యున్నాడో, అతని యింటికి కాగితమున్నదో లేదో అడిగి తెలిసికొనుడు.